బొంత కుట్టిపెట్టమని అయినవాళ్ళు అడిగితే కూలి తీసుకోవచ్చా?

పాతచీరలు (ఏలూరు):

నేను చేత్తో బొంతలు కుడతాను. మెత్తబడిన నూలు చీరలు తప్ప వేరే బట్ట వాడను. ఇరుగుపొరుగుకూ, వాళ్ళు చెప్పగా విని వచ్చినవాళ్ళకూ కూలికి కుట్టి ఇస్తాను. చిక్కంతా అయినవాళ్ళతోనే. మా ఆడపడుచు కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు ఒక చిన్న బొంత, పనిలో పనిగా ఇంట్లోకి రెండు పెద్దవి కుట్టిపెట్టమని వదినగారు ఫోను చేశారు. చీరలు పంపుతామన్నారు, కూలి మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. బిడ్డ బొంత నా కానుక, పెద్దవాటికి ఒక్కొక్కదానికి 1,200 రూపాయలు అన్నాను. అప్పటినుంచి ఇంట్లో అందరికీ నేను డబ్బు మనిషినయ్యాను.

పెద్ద బొంత అంటే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆ కొలతకు వస్తుంది. అంటే రెండు చీరలకు ఆరు పొరలు. అరంగుళం ఎడంతో నిలువు వరసలు వేస్తే 96 వరసలు, ఒక్కొక్కటి ఆరడుగులు, మొత్తం 576 అడుగుల కుట్టు. అంగుళానికి ఐదు కుట్లు వేసినా 34 వేలు దాటుతాయి. అడుగుకు రెండున్నర నిమిషాలు పట్టినా 24 గంటలు, అంటే ఎనిమిది గంటల చొప్పున మూడు రోజులు. చీరలు ఉతికి ఆరబెట్టడం, చిరుగులు చూసుకోవడం, పొరలు ముడత పడకుండా పరిచి టాకాలు వేయడం, చివర్లో అంచులు మడిచి కుట్టడం ఇంకో రోజు. 2025-26లో మన రెండు రాష్ట్రాలకూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నాలుగు రోజులకు 1,228. నేను అడిగింది అంతకంటే తక్కువే. ఇందులో నేను చేసిన అన్యాయం ఏమిటో ఎవరైనా చెప్పండి.

తాటాకుపందిరి (అమలాపురం దగ్గర):

అమ్మాయీ, నీ లెక్క తప్పని నేను అనను. లెక్క వేసిన చోటే నాకు అభ్యంతరం.

మా పెళ్ళిళ్ళయిన రోజుల్లో బొంతకు వెల కట్టడం మా వీధిలో ఎవరూ ఎరగరు. అలాగని ఊరికే కుట్టారనుకోకు. మాసూళ్ళు అయిపోయాక, ఎండలు ముదిరి మధ్యాహ్నాలు పని లేని రోజుల్లో, అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చునేవారు. ఈ వారం మీ ఇంటి బొంత, వచ్చే వారం మా ఇంటి బొంత. ఎవరింట్లో పురుడు వస్తే వాళ్ళ వంతు ముందుకు జరిగేది. ఆవకాయ పెట్టేటప్పుడు బొంత కుట్టించుకున్న ఇంటివాళ్ళు వచ్చి కాయ కొట్టేవారు. పెళ్ళి వస్తే వాళ్ళే వచ్చి పిండి వంటల దగ్గర కూర్చునేవారు. ఆ బాకీ ఎప్పటికీ పూర్తిగా తీరేది కాదు. తీరనందువల్లే రాకపోకలు సాగేవి.

నువ్వు 1,200 తీసుకున్న రోజున మీ వదినగారికి నీ మీద ఉన్న హక్కు తీరిపోతుంది, నీకు ఆవిడ మీద ఉన్నదీ తీరిపోతుంది. రేపు నీ కూతురి పురుటికి ఆవిడ వచ్చి పది రోజులు ఉంటే ఆ కూలి ఎంతని లెక్క కడతావు?

దర్జీదుకాణం (నంద్యాల):

పెద్దమ్మగారి మాట వినడానికి బాగుంది. కానీ ఆ అరుగు మీద కూర్చున్న నలుగురిలో ముగ్గురు ఊళ్ళు దాటి వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కరినే అందరూ అడుగుతున్నారు. బదులు పని అంటే బదులు చేసేవాళ్ళు ఉండాలి కదండీ. ఏలూరు అక్కగారి వదినగారు ఏ రోజు వచ్చి ఏ పని అందుకున్నారో అడగండి.

ఇంకో మాట. మా చిన్నప్పుడు దూదేకులవారు ఇంటికి వచ్చి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. ‘మామా’ అనీ ‘అన్నా’ అనీ పిలిచేవాళ్ళం, వాకిట్లోనే భోజనం పెట్టేవాళ్ళం. సాయంత్రానికి కూలి చేతిలో పెట్టకుండా ఎవరూ పంపలేదు. అంత ఆప్యాయతలోనూ కూలి ఉంది. అదే ఇంట్లో ఆడవాళ్ళు నెలల తరబడి బొంతలు కుడితే అది ప్రేమ. వడ్రంగి తమ్ముడితో మంచం చేయించుకుంటే చెక్క ఖర్చుతోపాటు కూలి కూడా ఇస్తాం. కుట్టే అక్కకు మాత్రం పాత చీరలు పంపి ఊరుకుంటాం. ఈ తేడా నాకు మింగుడుపడదు.

మరో సంగతి కూడా ఉంది. బొంతలు కుట్టి పొట్టపోసుకునే ఆడవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. పెద్ద బొంత వెల చెప్పగానే ‘మా పిన్ని ఊరికే కుట్టి ఇస్తుంది’ అని బేరం మొదలవుతుంది. ఆ పిన్ని మంచితనం వల్ల నష్టపోయేది ఈ ముసలమ్మలు. బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఆడవాళ్ళ సుజని కుట్టు, బెంగాల్ నక్షీ కాంథా కూడా పాత చీరలతో ఇంట్లో పిల్లల కోసం కుట్టుకున్నవే. ఆ కుట్టుకు వెల కట్టడం మొదలయ్యాకే ఆ ఊళ్ళ ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. సుజనికి 2006లో, నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన బొంత దగ్గర మాత్రం వెల మాట ఎత్తితేనే తప్పయిపోయింది.

హుబ్బళ్ళినుంచి:

ఉద్యోగరీత్యా కర్ణాటకలో ఉంటున్నాను. ఇక్కడ ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, ఎల్లాపుర వైపు సిద్దీ కుటుంబాల (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి) ఆడవాళ్ళు కవుది కుడతారు. మన బొంత లాంటిదే, పాత బట్టలే. బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. నాలుగు మూలల్లో ‘ఫూల’ అనే చిన్న గుడ్డముక్కలు కుట్టనిదే పని ముగిసినట్టు ఒప్పుకోరు. ఆ ముక్కల వల్ల చలి ఏమీ ఆగదు. అవి లేని కవుదిని చేతులారా ఇవ్వడం వాళ్ళకు నామోషీ.

దర్జీదుకాణం గారి మాటల్లో న్యాయం ఉంది. అయినా గంటలు కొలిచి కూలి కడితే ఆ ఫూలకు చోటు ఎక్కడ? 1,200కు ఒప్పుకున్నాక 96 వరసలు 64 అవుతాయని నా భయం. అరంగుళం ఎడం ముప్పావంగుళం అవుతుంది. కొన్నవాళ్ళు కనిపెట్టలేరు కూడా.

పాతచీరలు:

హుబ్బళ్ళి అన్నయ్యగారూ, ఇది మాత్రం ఒప్పుకోను. డబ్బు తీసుకున్న బొంతలే నేను ఎక్కువ శ్రద్ధగా కుట్టాను. ఊరికే కుట్టమన్నవి ఏ రాత్రో, కూరలు తరిగి, గిన్నెలు తోమి, కళ్ళు మూతలు పడుతుండగా కుట్టాల్సి వచ్చేది. కూలి ఉన్న పనికి ఇంట్లో వాళ్ళు కూడా పగటిపూట వెలుగున్న చోట కూర్చోనిస్తారు. ఆ వెలుగులోనే వరసలు తిన్నగా వస్తాయి.

అమ్మచీరలు (న్యూజెర్సీ):

ఇక్కడ అందరూ కుట్టేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. అడిగినదాన్ని నేను. నా వైపు కూడా వినండి.

అమ్మ పోయాక ఆవిడ కట్టిన నూలు చీరలు కొన్ని తెచ్చుకుని బొంత కుట్టించుకుందామనుకున్నాను. దగ్గరి చుట్టాల్లో ఒకరు బాగా కుడతారు. డబ్బు ఎంతో చెప్పమంటే ‘మీ అమ్మ నాకు పరాయిదా’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేనూ కాదనలేకపోయాను. చీరలు అక్కడే ఉండిపోయాయి. సంక్రాంతి దాటింది, వేసవి దాటింది. ఎప్పటికవుతుందని అడగడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఊరికే చేస్తున్నారు. చేయలేనని చెప్పడానికి ఆవిడకూ నోరు రాలేదు, ఎందుకంటే ఊరికే చేస్తానని మాట ఇచ్చారు. ఇద్దరం ఫోనులో వాతావరణం గురించి మాట్లాడుకుని పెట్టేసేవాళ్ళం. చివరికి చీరలు వెనక్కి తెప్పించుకున్నాను. ఇప్పుడు ఆ ఇంటికి వెళ్ళాలంటే ఏదోలా ఉంది. తాటాకుపందిరి పెద్దమ్మగారూ, డబ్బు తీసుకోనందువల్లే మా రాకపోకలు తగ్గాయండీ.

ఇక్కడ మిషను మీద క్విల్టు కుట్టి ఇచ్చేవాళ్ళు చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని కాగితం మీద రాసి ఇస్తారు. ఎప్పటికి ఇస్తారో కూడా అందులోనే ఉంటుంది. ఆ కాగితం వల్ల నాకు ఎవరి మీదా మనసు విరగలేదు.

కత్తెరపట్టను:

పోయినవాళ్ళ చీరలతో బొంతలు కుట్టమంటే నేను ఇప్పుడు ఒప్పుకోవడం లేదు, కూలి ఎంత ఇచ్చినా సరే. పాత చీర మడతల దగ్గర చివికి ఉంటుంది. పైకి బాగున్నట్టే ఉండి, దబ్బనం దిగిన చోట చీలిపోతుంది. జరీ అంచు ఉంటే గుచ్చుకుంటుంది, తీసేస్తే చీర పాడుచేశారంటారు. పట్టు అయితే వెనక నూలు గుడ్డ వేయకుండా నిలబడదు. ముదురు రంగులు, అందులోనూ ఎరుపు, మొదటి ఉతుకులో పక్క పొరకు అంటుకోవచ్చు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడకుండా ఏ చీరా తీసుకోకండి. మామూలు బట్ట పాడైతే ఇంకోటి కొనివ్వవచ్చు. ఆ చీర పాడైతే ఏం ఇస్తాం?

కూలి తీసుకోవాలా వద్దా అన్నదానికంటే ముందు, కాదనే హక్కు కుట్టేవాళ్ళకు ఉందా అని అడగాలి. ‘నా వల్ల కాదు’ అంటే చాలు. మెడ నొప్పి, పిల్లల పరీక్షలు, కరెంటు కోత అని కారణాలు చెప్పామా, అడిగేవాళ్ళు ఒక్కొక్కదానికీ పరిష్కారం చూపిస్తారు. కారణం లేని ‘వల్ల కాదు’కు ఎవరూ బదులు చెప్పలేరు.

తాటాకుపందిరి:

న్యూజెర్సీ అమ్మాయి చెప్పింది విన్నాక కొంచెం ఆలోచించాను. నువ్వు చెప్పిన ఆ ఇంట్లో జరిగింది మా రోజుల్లో జరగదు, ఎందుకంటే కుట్టించుకునేది ఆ వరసల పక్కనే కూర్చునేది. ఎంతవరకు వచ్చిందని అడగాల్సిన పనే ఉండేది కాదు. దూరం పెరిగాక ఆ పద్ధతి నడవదంటే ఒప్పుకుంటాను. దగ్గరున్నవాళ్ళకూ అదే వెల పెట్టడం మాత్రం ఒప్పుకోను. అడిగినవాళ్ళు వచ్చి ఒక వైపు అంచు పట్టుకుని కూర్చోవాలి. కూర్చోలేనివాళ్ళు డబ్బు ఇవ్వాలి. నా మాట ఇదే.

దర్జీదుకాణం:

పెద్దమ్మగారూ, ఇది నాకు నచ్చింది. కానీ వచ్చి కూర్చున్నవాళ్ళ కుట్లు అంగుళానికి రెండు పడితే, వాళ్ళు వెళ్ళాక విప్పి మళ్ళీ కుట్టేది ఎవరు?

తాటాకుపందిరి:

విప్పం బాబూ. వాళ్ళ బొంత, వాళ్ళ కుట్లు. వాళ్ళే కప్పుకుంటారు.

పాతచీరలు:

అందరికీ నమస్కారాలు. నిన్న వదినగారితో మాట్లాడాను. నెల రోజుల్లో ఎప్పుడైనా నాలుగు రోజులు వచ్చి నాతో కూర్చుంటే పెద్ద బొంత ఒకటి కూలి లేకుండా కలిసి కుడదామన్నాను. రెండోదానికి 1,200, దాంట్లో సగం ముందు, సంక్రాంతిలోపు ఇస్తానని చెప్పాను. చీరలు ఉతికి, జరీ విప్పి పంపమన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మోకాళ్ళ నొప్పులతో అన్ని రోజులు కింద కూర్చోలేనన్నారు. కుర్చీలో కూర్చుని అంచులు మడిచి కుట్టవచ్చన్నాను. ఆలోచించి చెబుతానన్నారు.

బిడ్డ బొంత మాత్రం మొదలుపెట్టేశాను. పై పొరకు మా అత్తగారి మంగళగిరి చీర, అంచు తీసేసి.

దర్జీదుకాణం:

వదినగారు రానంటే? అప్పుడు రెండింటికీ 2,400 అడుగుతారా, లేక మొహమాటపడి ఒకటి వదిలేస్తారా? ఆ మాట కూడా ఇక్కడే చెప్పండి అక్కా.

పాతచీరలు:

రెండింటికీ అడుగుతాను.