సముద్ర తాబేళ్ల మీద పనిచేయాలి: పీహెచ్‌డీ ముందా, ఫీల్డ్ అనుభవం ముందా?

అందరికీ నమస్కారం. విశాఖలో నా మెరైన్ బయాలజీ ఎంఎస్సీ ఈ ఏడాదితో అయిపోతుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల సంరక్షణ మీదే పనిచేయాలని ఉంది. గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఈ తాబేళ్లు ట్రాల్ వలల్లో (బోట్లు సముద్రంలో ఈడ్చుకెళ్లే పెద్ద వలలు) చిక్కి, ఊపిరాడక చనిపోతున్నాయి. అవి బయటపడే పరికరాన్ని వలకు బిగించొచ్చు. కానీ దాంతో చేపలూ పోతాయని మత్స్యకారుల భయం. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు, నా ఆసక్తి కూడా సరిగ్గా అక్కడే.

సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 స్టైపెండ్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. ఇంట్లో దీనికే మొగ్గు. నాకేమో ముందు ఏదైనా ప్రాజెక్టులో చేరి బోట్ల వాళ్లతో కలిసి పనిచేయాలని ఉంది.

ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి, ఆ అనుభవం తర్వాత పీహెచ్‌డీ సీటుకు కలిసొస్తుందా? స్టాటిస్టిక్స్ ఎంతవరకు నేర్చుకోవాలి?