రీమేక్‌లో పాత్ర ముఖం మారితే అది కథకు ఆధారం అవుతుందా?

పాత మెమరీకార్డు:
ఫైనల్ ఫాంటసీ 7, సైలెంట్ హిల్ 2 అనే వీడియో గేమ్‌ల ముగింపుల గురించి మాట్లాడక తప్పదు. ఇంకా ఆడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

ఏ రీమేక్ ట్రైలర్ వచ్చినా ఈమధ్య ఒకటే వరస. హీరో కళ్ళ కింద ముడత కనిపిస్తే "ఇది వేరే టైమ్‌లైన్" అంటారు. జాకెట్ రంగు మారితే "ఇదంతా కల" అంటారు. నా మాట ఇదీ: ఒక్క ముఖాన్నో బట్టల్నో చూసి కథ మారిపోయిందని చెప్పలేం. ఆట లోపల దానికి ఇంకో సాక్ష్యం దొరకాలి.

అసలు "పాత ముఖం" అంటే ఏది చెప్పండి? 1997 ఫైనల్ ఫాంటసీ 7లో హీరో క్లౌడ్‌కి మూడు రూపాలున్నాయి. ఊళ్ళలో తిరిగేటప్పుడు దిమ్మల్లాంటి చేతులతో పొట్టి బొమ్మ. యుద్ధం మొదలవగానే నిలువెత్తు మనిషి. ముందే రెండర్ చేసి పెట్టిన వీడియోల్లో మరో పోలిక. ఆ ప్లేస్టేషన్‌లో ఉన్నదే 2 ఎంబీ మెయిన్ మెమరీ, 1 ఎంబీ వీడియో మెమరీ. మిగతాది మన ఊహే పూరించింది. ఇరవయ్యేళ్ళు ఆ ఊహతోనే గడిపాం కాబట్టి 2020 రీమేక్‌లోని క్లౌడ్‌ని దాంతోనే పోలుస్తున్నాం.

అదే ఆటలో క్లౌడ్ స్నేహితురాలు టీఫా కొత్త డ్రెస్ మీద ఎన్ని కథలు అల్లారో గుర్తుందా? కారణం మాత్రం డిజైనర్ నొమురాయే 2019లో చెప్పాడు. జోరుగా పోరాడుతున్నప్పుడు అసహజంగా కనిపించకుండా ఛాతీ బిగుతుగా ఉండేలా చూడమని స్క్వేర్ ఎనిక్స్‌లోని ఎథిక్స్ విభాగం సూచించిందట. అందుకే లోపల ఆ నల్ల టాప్. అందులో టైమ్‌లైన్ ఊసే లేదు.

స్పైడర్‌మ్యాన్‌దీ అంతే. 2018లో వచ్చిన ఆటకి 2020 రీమాస్టర్‌లో పీటర్ ముఖం మారింది. సినిమా హీరో టామ్ హాలండ్‌లా కనిపించాలనే మార్చారని అందరూ తేల్చేశారు. పీటర్‌గా నటించిన యూరీ లోవెన్‌తాల్ ముఖ కదలికలకు కొత్త ముఖం బాగా అతుకుతుందని ఆట చేసిన ఇన్‌సామ్నియాక్ చెప్పింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ నచ్చలేదు. నచ్చకపోవడం వేరు, అందులో రహస్యం ఉందనడం వేరు.

రెండో ప్లేత్రూ:
అన్నా, స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్ (పాత ఆటకే మెరుగులు దిద్దింది), రీమేక్ కాదు. అది పక్కన పెడదాం. ఫైనల్ ఫాంటసీ గురించి ఇంత రాసి స్టాంప్‌ని ఎలా వదిలేశారు?

తెలియనివాళ్ళ కోసం: స్టాంప్ అంటే ఆటలోని షిన్రా కంపెనీ సైన్యం ప్రచారానికి వాడుకునే హెల్మెట్ కుక్క బొమ్మ. 2020 ఆట మొత్తం గోడల మీద కనిపించేది బీగిల్. చివర్లో, పాత ఆటలో చనిపోయిన జాక్ బతికున్నట్టు చూపించే సన్నివేశంలో గాలికి ఒక చిప్స్ ప్యాకెట్ ఎగురుతుంది. దాని మీదా స్టాంపే, కానీ కుక్క జాతి వేరు. కెమెరా పనిగట్టుకుని దాని మీద ఆగుతుంది. జాక్ ఉన్నది ఇంకో ప్రపంచమని అప్పుడే కొందరు రాశారు. "చిప్స్ ప్యాకెట్ పట్టుకుని వేలాడుతున్నారు" అని వాళ్ళను ఎంత వెక్కిరించారో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే వాళ్ళలో నేనూ ఉన్నాను. 2024 ఫిబ్రవరిలో రీమేక్ రెండో భాగం రీబర్త్ వచ్చింది. ఒక్కో ప్రపంచానికి ఒక్కో జాతి స్టాంప్. నాలుగేళ్ళు మాటలు పడ్డాక ఆ రాత్రి నేను కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

బొమ్మలో మార్పు కథకు ఆధారం కాదని మీరంటున్నారు. ఇక్కడ మార్పే ఆధారం.

పాత మెమరీకార్డు:
తమ్ముడూ, నిజమే, స్టాంప్‌ని నేను కలపాల్సింది. కానీ గమనించు, కెమెరా ఆగిందని నువ్వే రాశావు. జాక్ బతికుండడం అనే పెద్ద మార్పు పక్కనే ఆ ప్యాకెట్ పెట్టారు. ఆ ఆటలోనే విస్పర్స్ అనే ఆత్మలు విధి దారి తప్పకుండా కాపలా కాస్తుంటాయి. ఇన్ని సాక్ష్యాలు కలిసి నిలబెట్టాయి. టీఫా డ్రెస్‌కి అలాంటి దన్ను ఏదీ?

పొగమంచులో రేడియో:
అసలు చర్చ సైలెంట్ హిల్ 2 హీరో జేమ్స్ గురించి జరగాలండీ, చనిపోయిన భార్య పేరుతో ఉత్తరం వస్తే ఆమెను వెతుక్కుంటూ సైలెంట్ హిల్ అనే ఊరికి వచ్చినవాడు. సైలెంట్ హిల్ 2 మొదట వచ్చింది 2001లో, బ్లూబర్ టీమ్ చేసిన రీమేక్ 2024 అక్టోబరులో. కొత్త జేమ్స్ పాతవాడికంటే వయసు మీరి, అలసిపోయి ఉంటాడు. ట్రైలర్ వచ్చినప్పుడు ముసలివాణ్ణి చేశారని గొడవ. నాకూ మింగుడు పడలేదు.

తర్వాత ఆ ఫొటోల సంగతి బయటపడింది. ఆటలో అక్కడక్కడా 26 వింత ఫొటోలు దొరుకుతాయి. ఒక్కోదాని మీద చిన్న వాక్యం ఉంటుంది. ఫొటోలో వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాక్యంలో అన్నో అక్షరం తీసుకోవాలి. అలా 26 అక్షరాలూ వరసగా పేర్చిన అభిమానులకు దొరికిన ఇంగ్లీషు వాక్యానికి అర్థం: "నువ్వు ఇక్కడికి వచ్చి రెండు దశాబ్దాలైంది."

జేమ్స్ ఆ ఊరిలోంచి ఎప్పుడూ బయటపడలేదని, అదే శిక్ష మళ్ళీ మళ్ళీ అనుభవిస్తున్నాడని లూప్ థియరీ మొదటి ఆట నాటి నుంచీ ఉంది. అపార్ట్‌మెంట్లో టీవీ ముందు కుర్చీలో పడున్న శవానికి జేమ్స్ పోలికలు ఉండడం దగ్గర మొదలైంది అది. ఇప్పుడు ఈ వాక్యాన్నీ, ఆ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ వయసు ఊరికే వచ్చిందంటే నా మనసు ఒప్పుకోదు. అద్దంలో చూసుకునే ఆ మొదటి సన్నివేశం ఇప్పుడు చూస్తే కడుపులో దేవినట్టవుతుంది.

పాత మెమరీకార్డు:
ఫొటోలు గట్టి ఆధారమే, కాదనను. అయినా రెండు విషయాలు. ఒకటి, జేమ్స్‌గా నటించిన ల్యూక్ రాబర్ట్స్ నలభైల్లో ఉన్న నటుడు. ఆ ప్రభావం ముఖం మీద పడక మానదు. రెండోది, ఆ "నువ్వు" జేమ్స్ అనే ఎందుకనుకోవాలి? 2001 నుంచి ఆ ఊరిని వదలనిది మనం. ఆ వాక్యం ఆడేవాళ్ళకు రాసిన ఉత్తరంలా కూడా సరిపోతుంది.

పొగమంచులో రేడియో:
నలభైల్లో ఉన్న నటుణ్ణి ఎంచుకున్నది కూడా వాళ్ళే కదండీ. ఎంపికలోనే ఉద్దేశం ఉండొచ్చు. ఆ రెండో మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నీలి దారం:
అదే ఊళ్ళో జేమ్స్‌కి ఎదురయ్యే ఏంజెలా గురించి ఎవరూ అడగరేం? ఆమె వయసు 19. పాత ఆటలో చూడ్డానికి చాలా పెద్దదానిలా ఉండేది. ఇంట్లో పడ్డ నరకం వల్ల వయసు ముందే మీద పడిందని అభిమానులు చెప్పుకునేవాళ్ళు, నేనూ అదే నమ్మాను. రీమేక్‌లో ఆమె నిజంగా చిన్నపిల్లలా ఉంది. మరి పాత థియరీ ఏమైనట్టు? జేమ్స్ ముఖం సాక్ష్యమైతే ఏంజెలా ముఖం కూడా సాక్ష్యం కావాలి. ఒకరికి ఇరవయ్యేళ్ళు గడిచి, పక్కనే ఉన్న ఇంకొకరు చిన్నవారైపోతే లెక్క ఎలా కుదురుతుంది?

కొత్త ఏంజెలా వల్ల నాకు ఆ పాత్ర ఇంకా దగ్గరైంది. మెట్ల మీద మంటల్లో ఆమె నిలబడి మాట్లాడుతుంటే, ఇంత చిన్న వయసులో ఎంత మోసింది అనిపించింది. ముందు ఆమెను చూసి జాలిపడేదాన్ని. ఈసారి ఏడ్చాను. అందుకు ఏ థియరీ అవసరం లేకపోయింది.

బొలెటేరియా బాటసారి:
మీరంతా మార్పులో దాగిన అర్థం వెతుకుతున్నారు. మార్పులో పోయిన అర్థం గురించి నేను రాస్తాను.

డీమన్స్ సోల్స్ అనే ఆట, 2009. అందులో ఫ్యాట్ అఫీషియల్స్ అని లావుపాటి అధికారులు ఉంటారు. గనుల్లో బానిసలు చావుబతుకుల మధ్య రాళ్ళు కొడుతుంటే వీళ్ళు పైన నిలబడి ఉంటారు, ముఖం మీద చెదరని నవ్వుతో. గొడ్డలి ఎత్తినా అదే నవ్వు. రాజ్యం ఎలా కుళ్ళిందో ఒక్క డైలాగ్ లేకుండా ఆ నవ్వే చెప్పేది. 2020లో బ్లూపాయింట్ రీమేక్ చేసినప్పుడు ముఖం నిండా కురుపులు పెట్టింది. పని చాలా నేర్పుగా చేశారు, ప్రతి కురుపూ మెరుస్తుంది. కానీ కురుపులున్నవాణ్ణి చూడగానే రాక్షసుడని తెలిసిపోతుంది. పాతవాడు మనిషిలాగే ఉండేవాడు. భయమంతా అందులోనే ఉండేది.

దీని మీద కూడా థియరీలు పుట్టాయి, ఆత్మలు తిని జబ్బు పడ్డారని. నాకు అవి ఓదార్పు మాటల్లా వినిపిస్తాయి. నచ్చిన ఆటలో ఒక నిర్ణయం తప్పిందని ఒప్పుకోలేక దానికి కథ అతికిస్తున్నాం. తప్పయితే తప్పని చెప్పే చనువు ఆటను ప్రేమించేవాళ్ళకి ఉండాలి.

రెండో ప్లేత్రూ:
ఇది మాత్రం నన్ను గుచ్చింది. నేనూ ఒకటి రెండుసార్లు అలా అతికించినవాణ్ణే.

పాత మెమరీకార్డు:
బాటసారి గారూ, ఆ నవ్వు గురించి చదివాక పాత డిస్క్ వెతికి పెట్టాను, రేపు మళ్ళీ గనుల దాకా వెళ్తాను.

నా మొదటి మాట కొంచెం సవరిస్తున్నాను. "ఇంకో సాక్ష్యం" అన్నాను. ఆ సాక్ష్యం చిప్స్ ప్యాకెట్ అంత చిన్నది కూడా కావచ్చు. జేమ్స్ విషయంలో 26 ఫొటోలను నమ్ముతాను, ముఖాన్ని ఇంకా నమ్మను. నీలి దారం గారు అడిగిన లెక్కకు లూప్ థియరీ వాళ్ళెవరైనా జవాబు చెబితే వినాలని ఉంది.

తమ్ముడూ, ఫైనల్ ఫాంటసీ మూడో భాగం వచ్చాక గోడ మీద స్టాంప్ కనిపించిన ప్రతిచోటా ఆగి, ఏ జాతి కుక్కో నీకు రాస్తాను.