తరగతిలో మాట్లాడినందుకు మార్కులు వేయడం న్యాయమేనా?

రెండో_బెంచీ:
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బిజినెస్ స్కూలులో పీజీడీఎం (ఎంబీఏ లాంటి కోర్సు) మొదటి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ పేరు చెప్పను, అవసరమూ లేదు. ఈ పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఉన్నదే. మాకు ప్రతి సబ్జెక్టులోనూ నూటికి 20 మార్కులు సీపీకి, అంటే తరగతి చర్చలో పాల్గొన్నందుకు. అందరం ఎదురుగా పేరు కార్డు పెట్టుకుని కూర్చుంటాం. టీచింగ్ అసిస్టెంట్ వెనక వరుసలో సీటింగ్ చార్టు పట్టుకుని, నోరు విప్పిన వాళ్ల పేరు పక్కన టిక్కులు పెడుతుంటారు.

మొన్న ఆపరేషన్స్, అంటే సంస్థల్లో పనులు నడిపే తీరు నేర్పే సబ్జెక్టు, తరగతిలో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి మీద హార్వర్డ్ బిజినెస్ స్కూలు వాళ్లు రాసిన కేసు, అంటే తరగతిలో చర్చించడానికి రాసిన ఒక నిజమైన సంస్థ కథ, చదివాం. డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో మొదలుపెట్టి, ఇవ్వగలిగిన వాళ్ల దగ్గర తీసుకున్న రుసుముతో పేదలకు ఉచితంగా శుక్లాల ఆపరేషన్లు చేయించిన సంస్థ. ఆపరేషన్ ఉచితమన్నా పల్లెల నుంచి జనం ఎందుకు రాలేదని ప్రొఫెసర్ అడిగారు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి సమాధానం తెలుసు. వాళ్ల అమ్మమ్మను అలాంటి శిబిరానికే తీసుకువెళ్లారట. బస్సు ఛార్జీలు, తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకున్న కూలి, అక్కడ ఉన్నన్నాళ్ల తిండి, అసలు ఖర్చంతా అదేనని నా చెవిలో తెలుగులో చెప్పింది. అరవింద్ వాళ్లు రవాణా, భోజనం కూడా ఉచితం చేసింది అందుకే. ఆమె ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపు చర్చ ఇంకో ప్రశ్న మీదకు వెళ్లిపోయింది. ముందు వరుసలో ఒకతను అంతకుముందు ఇద్దరు చెప్పినదాన్నే కలిపి మళ్లీ చెప్పాడు. టిక్కు అతనికి పడింది.

సీపీ మార్కులు పూర్తిగా ఎత్తేయాలన్నది నా వాదన. మీరేమంటారు?

ఖాతాపుస్తకం:
ఎత్తేయకూడదు. నేను బ్యాంకులో పెద్ద కంపెనీల రుణాలు చూస్తాను. కమిటీ ముందు ఒక్కో ఫైలుకు దొరికేది నాలుగైదు నిమిషాలు. పైవాళ్లు ప్రశ్న వేసినప్పుడు "రేపు రాసి ఇస్తాను సార్" అంటే ఆ ఫైలు అటకెక్కినట్టే. బిజినెస్ స్కూలు నేర్పాల్సింది ఇదే. హార్వర్డ్‌లో చాలా కోర్సుల్లో సగం దాకా మార్కులు తరగతి చర్చకే పోతాయి. మీకు ఇరవైయే కదా! పైగా మార్కులు తీసేసిన మర్నాడు కేసు చదివి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. హాస్టల్లో రాత్రి ఒంటిగంటకు లైట్లు వెలిగేది జ్ఞానతృష్ణతో కాదు.

ఊరికే మాట్లాడేవాళ్ల సంగతి కొత్తేమీ కాదు. మా రోజుల్లో దాన్ని డీసీపీ అనేవాళ్లం, డెస్పరేట్ సీపీ. మంచి ప్రొఫెసర్ రెండో వాక్యానికే పట్టేస్తారు.

రెండో_బెంచీ:
ప్రొఫెసర్ పట్టేస్తారు సరే, టిక్కులు పెట్టేది ఆయన కాదు కదండీ.

చాక్‌పీసు:
నేను ఇలాంటి చోటే పాఠం చెబుతాను. ఒక చిన్న లెక్క వేద్దాం. సెక్షన్‌లో 70 మంది, క్లాసు 90 నిమిషాలు. అందులో అరగంట నేనే మాట్లాడతాను. మిగిలిన గంటలో మనిషికి రెండు నిమిషాలు అనుకుంటే 30 మందికి అవకాశం. అంటే ఏ రోజు చూసినా సగానికి పైగా మౌనంగా ఉండక తప్పదు, వాళ్లు ఎంత చదివి వచ్చినా సరే. 20 క్లాసుల కోర్సులో సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎనిమిదిసార్లు వస్తుంది. సమానంగా ఎక్కడా పంచరు. పది పన్నెండు మంది సింహభాగం తీసుకుంటారు. దీనికి రిలేటివ్ గ్రేడింగ్, అంటే తోటివాళ్లతో పోల్చి గ్రేడు ఇవ్వడం, తోడైతే, పక్కవాడు మాట్లాడిన రెండు నిమిషాలూ నా గ్రేడులోంచి కోసినట్టే ఉంటుంది. పిల్లలు ఒకరినొకరు మింగేసేలా చూసుకుంటారంటే వింతేముంది?

సీపీ ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నాం గానీ, అసలు తగాదా వంతులు పంచడంలో ఉంది. చేయెత్తిన వాళ్లనే పిలవడం ప్రొఫెసర్లకు సుఖం, అంతే. చేయెత్తకపోయినా పేరు పెట్టి పిలవడం, అదే కోల్డ్ కాల్, ఎవరికీ ఇష్టముండదు. దాంట్లో మాత్రం అందరికీ వంతు వస్తుంది.

ఇందాక హార్వర్డ్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. అక్కడ అమ్మాయిల గ్రేడులు అబ్బాయిల కంటే వెనకబడుతున్నాయని తేలింది. నితిన్ నోహ్రియా 2010లో డీన్ అయ్యాక, ఎవరేం మాట్లాడారో రాసుకోవడానికి తరగతుల్లో స్టెనోగ్రాఫర్లను కూర్చోబెట్టారు. తరగతి అయిపోయాక జ్ఞాపకం మీద మార్కులు వేస్తే ప్రొఫెసర్లకు తెలియకుండానే పక్షపాతం దూరుతుందని భయం. 90 మంది కూర్చునే ఆ గదుల్లోనే అంత జాగ్రత్త అవసరమైతే, మన టిక్కులను ఏ మేరకు నమ్మాలి?

పది_వరకు_తెలుగు:
నేను మహబూబ్‌నగర్ జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంజినీరింగ్, రెండేళ్ల ఉద్యోగం అయ్యాక బిజినెస్ స్కూలు. ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా మాలాంటి వాళ్ల పేరు చెప్పి సీపీ తీసేయమంటారు. అడిగేవాళ్లు మాత్రం ఎక్కువగా కాన్వెంటులో చదివినవాళ్లే. రెండో బెంచీ గారూ, మీ స్నేహితురాలి తరఫున మీరు వాదించే బదులు ఆమెనే ఇక్కడికి రమ్మనండి, ఏమంటుందో విందాం.

నాకు సీపీ కావాలి. అది లేకపోతే రెండేళ్లూ ఎవరి కంటా పడకుండా, గ్రూప్ అసైన్‌మెంట్లలో అందరికీ ఎక్సెల్ షీట్లు చేసిపెట్టి బయటపడేదాన్ని. ఎందరో అలాగే బయటపడ్డారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు స్లైడ్ల ముందు నిలబడతారు, మేం వెనక అంకెలు సరిచేస్తాం.

కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చే సంగతి చెబుతాను. చర్చ మొదటి పది నిమిషాల్లో కేసులో ఏముందో చెప్పమంటారు. కంపెనీ పరిస్థితి ఏమిటి, అంకెలు ఎలా ఉన్నాయి, నిర్ణయం ఎవరు తీసుకోవాలి. అక్కడ దూరండి. అనుబంధంలోని పట్టిక చూసి ముందు రాత్రే ఒక లెక్క కట్టి, దాన్ని చెప్పే మొదటి వాక్యాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. లెక్క సరిగ్గా ఉంటే యాస ఎవరికీ వినపడదు. నలభయ్యో నిమిషం తర్వాత చర్చ అభిప్రాయాల మీదకు వెళ్తుంది. అక్కడ నోరున్నవాడిదే రాజ్యం.

సీపీలో మాకు రాయితీ ఇవ్వాలని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ప్లేస్‌మెంట్_కమిటీ:
అందరూ చుట్టూ తిరుగుతున్న మాట నేను చెబుతాను. గొడవంతా ఉద్యోగం గురించి. కంపెనీలు ఇంటర్వ్యూకు పిలిచే జాబితా తయారు చేసేటప్పుడు సీజీపీఏ చూస్తాయి. దశాంశంలో రెండో అంకె దగ్గర పేర్లు గల్లంతవుతాయి. వార్టన్, స్టాన్‌ఫర్డ్, చికాగో బూత్ లాంటి చోట్ల గ్రేడులను కంపెనీలకు చెప్పకూడదన్న కట్టుబాటు విద్యార్థుల్లోనే ఉంది. హార్వర్డ్ 1998లో ఆ పద్ధతి పెట్టి, 2005లో ఎత్తేయాలని నిర్ణయించింది. మన దగ్గరా గ్రేడులు దాచితే సీపీ గురించి ఇంత రచ్చ ఉండదు.

ఖాతాపుస్తకం:
దాచితే కంపెనీలు మనం చదివిన ఇంజినీరింగ్ కాలేజీ పేరు చూస్తాయి, పాత ఉద్యోగం చూస్తాయి. అప్పుడు మహబూబ్‌నగర్ నుంచి వచ్చినావిడకు ఇంకా నష్టం.

పది_వరకు_తెలుగు:
సరిగ్గా చెప్పారు. నా బయోడేటాలో గర్వంగా చూపించుకోగలిగింది ఆ గ్రేడులే.

రెండో_బెంచీ:
మీ మాట కాదనలేను. కానీ మీరు చెప్పిన ఉపాయం వింటే నా అనుమానం ఇంకా బలపడుతోంది. అరవింద్ కేసులో ఆ అమ్మాయి దగ్గరున్నది పట్టికలో దొరికే లెక్క కాదు. ముందు రాత్రి సిద్ధం చేసుకునేదీ కాదు, చర్చ నడుస్తుంటే తట్టింది. అలా తట్టినదానికి మార్కులు వేసే దారి ఒకటి ఉండాలి. తరగతి చివర అందరూ ఒక చీటీ రాసి ఇస్తే? ఈ రోజు చర్చలో ఎవరూ చెప్పనిది ఏమిటి, అంతే ప్రశ్న. తెలుగులో రాసినా తీసుకోవాలి. సీపీ ఇరవైలో పది వాటికి.

చాక్‌పీసు:
70 మంది, 20 క్లాసులు. 1,400 చీటీలు. ఎవరు దిద్దుతారు?

రెండో_బెంచీ:
అన్నీ దిద్దక్కర్లేదు. రోజూ చీట్లు తీసినట్టు పది తీయండి. కోర్సు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరివి రెండు మూడు దిద్దినట్టవుతుంది. ఏ రోజు ఎవరిది వస్తుందో తెలియదు కాబట్టి అందరూ శ్రద్ధగానే రాస్తారు.

చాక్‌పీసు:
ఐదు నిమిషాలు పాఠంలోంచి పోతాయి. నా అరగంటలోంచి ఇవ్వగలను. తెలుగు చీటీలు నేను చదవగలను, మా ఢిల్లీ సహోద్యోగి చదవలేరు. ఆ ఒక్కటీ తేలాలి.

ఖాతాపుస్తకం:
చాట్‌జీపీటీ రాసి పెట్టదని గ్యారంటీ ఏమిటి?

చాక్‌పీసు:
కాగితం, పెన్ను. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు సంచుల్లో.