అక్రిలిక్ కాన్వాస్: మందంగా వేసిన చోట వార్నిష్ ఎప్పుడు వేయొచ్చు?

కుంచెకొస:
45×60 సెంటీమీటర్ల కాన్వాస్. ఆకాశమంతా పల్చటి పూతలే. కింద రాళ్లు మాత్రం పాలెట్ నైఫ్‌తో వేసినవి, అరసెంటీమీటరు మందం ఉంటాయి. వేసి పది రోజులు కావస్తోంది. ముట్టుకుంటే ఆరినట్టే ఉంది కానీ, రాళ్ల మీద బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. ముదురు నీలం ఒకచోట మెరుస్తోంది, పక్కనే వెలవెలబోయి ఉంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేద్దామనుకుంటున్నాను. ఇప్పుడే వేయొచ్చా? హెయిర్ డ్రయర్ పెడితే తొందరగా ఆరుతుందా? ఐసొలేషన్ కోట్ (తర్వాత వార్నిష్ తీసినా రంగు దెబ్బతినకుండా, రెండిటి మధ్య వేసే పారదర్శక పూత) తప్పనిసరా? వచ్చే నెల బొమ్మని ప్యాక్ చేసి పంపాలి.

నీలిమందు:
ఇప్పుడు వద్దండి. వేలు దిగుతోందంటే లోపల ఇంకా నీళ్లున్నాయి. అక్రిలిక్‌లో ముందు నీరు ఆవిరవ్వాలి, ఆ తర్వాత పాలిమర్ రేణువులు దగ్గరకు జరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొర కట్టాలి. పైపొర ముందే బిగుసుకుంటుంది కాబట్టి కింది నీటికి బయటపడే దారి ఇరుకైపోతుంది. మీ ఆకాశానికి ఒకటి రెండు వారాలు చాలు. ఆ రాళ్లకు మాత్రం నెలలు పడుతుంది. ఈలోగా వార్నిష్ వేస్తే ఆ ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. అప్పుడు అక్కడ పాలలా మసక కమ్ముతుంది, లేదా వార్నిష్ జిగటగానే ఉండిపోతుంది.

డ్రయర్ అసలు పెట్టకండి. వేడిగాలికి పైన తోలు కడుతుంది. లోపలిది ఆరుతూ కుంచించుకునేసరికి ఆ తోలు లాగుడుకి పగులుతుంది. గదిలో ఫ్యాన్ వేసి, దాని గాలి నేరుగా బొమ్మ మీదికి కొట్టకుండా చూస్తే చాలు. కాన్వాస్‌ని గోడకు ఆనించకుండా వెనక కూడా గాలి ఆడనివ్వండి. గది 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉండకూడదు, ఆ చలికి రేణువులు సరిగా కలవవు. పొర బలహీనంగా తయారై, తర్వాత ఎంత వెచ్చబెట్టినా బాగుపడదు.

గ్లేజుపిచ్చి:
నీలంలో ఆ తేడా లోపం కాదు. నీళ్లు ఎక్కువ కలిపిన చోట బైండర్ (రంగుపొడిని పట్టి ఉంచే అక్రిలిక్ జిగురు) పల్చబడి వెలవెలబోతుంది, మీడియం (రంగులో కలిపే పారదర్శక అక్రిలిక్) కలిపిన చోట మెరుస్తుంది. వార్నిష్‌తో రెండూ ఒక్కటవుతాయి.

అయితే మ్యాట్ విషయంలో ఒక మాట. మెరుపు తగ్గించడానికి అందులో సన్నటి పొడి ఉంటుంది. అది సీసా అడుగున పేరుకుంటుంది కాబట్టి మెల్లగా కలియబెట్టాలి. ఊపితే నురగ, ఆ నురగ బుడగలుగా బొమ్మెక్కుతుంది. అదే పొడి వెలుతురుని చెదరగొడుతుంది కాబట్టి మ్యాట్ మీద మ్యాట్ వేస్తే ముదురు నీలం బూడిద పట్టినట్టవుతుంది. ముందు గ్లాస్ (gloss, మెరిసే రకం) వార్నిష్ వేసి ఆరనిచ్చి, ఆఖరి పూత ఒక్కటే మ్యాట్ వేయండి.

ఐసొలేషన్ కోట్ నా లెక్కలో వేయాల్సిందే. సాఫ్ట్ జెల్ గ్లాస్ (మెరిసే రకం చిక్కటి పారదర్శక మీడియం) రెండు పాళ్లు, నీరు ఒక పాలు. కలిపి, బుడగలు పోయేదాకా రాత్రంతా మూత పెట్టి ఉంచండి. కాన్వాస్‌ని బల్ల మీద పడుకోబెట్టి, 5 సెంటీమీటర్ల మెత్తటి బల్లపరుపు బ్రష్‌తో ఒక అంచు నుంచి తడి అంచు ఆరకముందే సాగండి. బ్రష్ పట్టేస్తున్నట్టు అనిపించగానే వదిలేయాలి. సగం ఆరిన చోట మళ్లీ దిద్దితే గీతలు శాశ్వతం. ఈ పూత తర్వాత ఊడదీయడానికి వీల్లేదు, అది గుర్తుంచుకోండి.

మూడోపూత:
తప్పనిసరి అనను. ఏ వార్నిష్ అన్నదాన్ని బట్టి. నీటి ఆధారిత పాలిమర్ వార్నిష్‌ని తీయాలంటే సాధారణంగా అమ్మోనియా కావాలి, అది కింద ఉన్న రంగుని కూడా ఉబ్బిస్తుంది. అక్కడ ఐసొలేషన్ కోట్‌కి అర్థముంది. మినరల్ స్పిరిట్‌తో (పెట్రోలియం ద్రావకం) ఊడే రకమైతే ఆ ద్రావకం ఆరిన అక్రిలిక్‌ని అంతగా కదిలించదు, కోట్ లేకపోయినా నడుస్తుంది. ఏదైనా సరే, "తీసివేయదగినది" అని సీసా మీద ఉన్నదే కొనండి.

రాళ్ల మీద మాత్రం బ్రష్ వద్దు. ద్రవం గుంటల్లో నిలిచి అక్కడ తెల్లగా ఆరుతుంది. స్ప్రే మంచిది: 25–30 సెంటీమీటర్ల దూరం, పల్చటి పూతలు, ఒక వరస పూర్తయ్యాక కాన్వాస్‌ని అడ్డం తిప్పి ఇంకో వరస. డబ్బా నొక్కడం కాన్వాస్ అంచు బయట మొదలుపెట్టి బయటే ఆపండి, లేకపోతే అంచుల్లో చుక్కలు పడతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆ పని పెట్టుకోకండి, తెల్లటి మసక వస్తుంది. కిటికీలు తెరిచి, ద్రావకపు ఆవిరికి సరిపడే మాస్క్ పెట్టుకోవాలి. దుమ్ముకి పెట్టుకునే గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు.

కుంచెకొస:
అయితే వచ్చే నెలకి వార్నిష్ కుదరదు. వేయకుండానే పంపితే ప్రమాదమా?

నీలిమందు:
పంపొచ్చు. ప్యాకింగే జాగ్రత్త. ఆరిన అక్రిలిక్ కూడా వేడికి మెత్తబడి జిగటెక్కుతుంది. మూసిన వాహనంలో బబుల్ రాప్ రంగుకి తగిలితే బుడగల అచ్చు పడుతుంది, న్యూస్‌పేపర్ అయితే అతుక్కునే పోతుంది. కాన్వాస్ కన్నా లోతైన పెట్టె తీసుకుని, నాలుగు మూలలకీ అట్టముక్కలు పేర్చి, రంగు ముఖానికి ఏదీ తగలకుండా బిగించండి. ఏదైనా తగలక తప్పకపోతే సిలికోన్ పూసిన రిలీజ్ పేపరే వాడండి. గడ్డకట్టే చలిలో అక్రిలిక్ పెళుసెక్కుతుంది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. మందం ఉన్న బొమ్మని చుట్ట చుట్టడమన్న మాటే లేదు.

మూడోపూత:
అందుకునేవాళ్లకి ఇవి కూడా చెప్పండి. దుమ్ముకి పొడి మెత్తటి బ్రష్ ఒక్కటే. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్, గాజు తుడిచే ద్రవం తగలకూడదు. ఆల్కహాల్, అమ్మోనియా రెండూ రంగుని కరిగిస్తాయి. అద్దం బిగిస్తే రంగుకీ అద్దానికీ మధ్య స్పేసర్ (ఎడం ఉంచే పట్టీ) ఉండాలి. ఫ్లోరసెంట్ రంగులేవైనా వాడి ఉంటే ఎండ పడని గోడ చూసుకోమనండి, అవి తొందరగా వెలిసిపోతాయి.

కాన్వాస్ వెనక చెక్క ఫ్రేము మీద పెన్సిల్‌తో "వార్నిష్ వేయలేదు" అని తేదీతో రాయండి. తర్వాత వేసినప్పుడు దాని పేరు, రకం, ఐసొలేషన్ కోట్ ఉందో లేదో అక్కడే చేర్చండి. ఎప్పుడైనా దాన్ని తీయాల్సివచ్చినవాళ్లు ఏ ద్రావకం ముట్టుకోవాలో దాన్ని చూసే తేల్చుకుంటారు.