ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటానంటున్న భీమవరం అమ్మాయికి

ప్రశ్న: భీమవరం నుంచి, ప్రస్తుతం న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. ఆగస్టులో మా వారి వెంట హెచ్-4 వీసా మీద వచ్చాను. భీమవరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. జీతం లేని సెలవు పెట్టి వచ్చాను, అది డిసెంబరుతో అయిపోతుంది. బాబుకు మూడేళ్లు, ఇంకో బిడ్డ కావాలనీ ఉంది. రాజీనామా పంపేసి ఇంటిపట్టునే ఉందామనుకుంటున్నాను. ఎవరి బలవంతమూ లేదు. మా అమ్మ మాత్రం "ఇంత చదివించింది గరిటె తిప్పడానికా?" అంటోంది. నాన్న పాలకొల్లు దగ్గర అరెకరం కొబ్బరితోట పసుపు కుంకుమ కింద నా పేర రాస్తానని సంక్రాంతికి రమ్మన్నారు. ముందుగా చూసుకోవలసినవి ఉంటే పెద్దలు చెప్పగలరు.

జవాబు: రాజోలు నుంచి, ప్రస్తుతం డాలస్

వయసులో పెద్దదాన్ని, నువ్వు అనే అంటానమ్మా. బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చి ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నాను. కనుక మానెయ్యవద్దని నేను చెప్పను. మీ అమ్మగారి మాటకు నొచ్చుకోకు. కూతురి చేతిలో నాలుగు డబ్బులు ఆడాలన్నదే ఆవిడ కోరిక. జీతం లేకపోయినా ఆ కోరిక తీరుతుంది. కాకపోతే మొహమాటపడకుండా అన్నీ కాగితం మీద పెట్టుకోవాలి.

మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. వంట అయ్యాక అరుగు మీద కూర్చుని దీపాలు పెట్టేవరకూ లేసు అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిక తూచి పట్టుకుపోయేవాడు. ఆ అల్లిక ఓడలెక్కి సీమకు పోయేది, ఆవిడకు మిగిలేది కూరానారకు సరిపోయేది. జనాభా లెక్కల మనిషి వచ్చి అడిగితే "నాకు పనేముంది నాయనా, ఇంట్లోనే" అని చెప్పేది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, కానీ మా అమ్మమ్మ పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. నీ పేరు ఉండాలి.

ముందు కళాశాల సంగతి. అయిదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఇచ్చే సొమ్ము, రావాలి. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున లెక్క కడతారు. "లెక్చరర్లకు అది వర్తించదమ్మా" అని ఆఫీసులో చల్లగా చెబుతారు, నమ్మకు. 2009 సవరణతో ఉపాధ్యాయులను చట్టంలోకి తెచ్చారు, దాన్ని సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. రాజీనామాతో పాటే దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో. పీఎఫ్ కోసి ఉంటే, అయిదేళ్లు దాటింది కనుక తీసుకున్న సొమ్ము మీద పన్ను పడదు. పెన్షన్ భాగానికి పదేళ్లు నిండాలి, నీకు నిండలేదు. దాన్ని డబ్బుగా తీసుకోవచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసును నిలుపుకోవచ్చు. తిరిగి వెళ్లి చేరే ఆలోచన గోరంత ఉన్నా సర్టిఫికెట్టే మేలు. ఇంకో మాట, ఆధార్‌కు కలిపిన ఇండియా సిమ్ ఆగిపోకుండా రీఛార్జి చేయిస్తూ ఉండు. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. సిమ్ పోగొట్టుకుని, పీఎఫ్ కోసం విమానం ఎక్కినవాళ్లను చూశాను.

ఇక్కడి సంగతి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, సంపాదించకూడదు. పని అనుమతి కావాలంటే సాధారణంగా గ్రీన్‌కార్డు కోసం మీ వారి పేర కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాలి. 2015లో వచ్చిన నిబంధన అది. అంతవరకూ ఆత్రేయపురం నుంచి రేకులు తెప్పించి పూతరేకులు చుట్టి అమ్మినా, ఫీజు తీసుకుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పినా పని కిందికే వస్తుంది. వాట్సాప్‌లో అందరూ అమ్ముతున్నారు కదా అంటావేమో. వాళ్ల వీసా ఏమిటో నీకు తెలియదు.

మీ ఇద్దరూ కలిపి పన్ను రిటర్ను వేస్తే, సంపాదన లేని భార్య పేర కూడా ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో జమ చేయవచ్చు. యాభై ఏళ్ల లోపువారికి 2025లో పరిమితి 7,000 డాలర్లు. అది అచ్చంగా నీ పేర ఉండే ఖాతా. రాజీనామా పంపే ముందే దీని గురించి మీ వారితో కూర్చుని మాట్లాడుకో.

జవాబు: మండపేట నుంచి, ప్రస్తుతం షికాగో

అక్కగారు చెప్పినవన్నీ నిజమేనండి. మా ఇంట్లో ఉద్యోగం మా ఆవిడది, ఇల్లు నాది. ఊళ్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ మీద ఏదో చేస్తుంటాడులెండి" అని మా నాన్నగారు సర్దిచెబుతారు. ఒక చిన్న మాట కలుపుతాను. ఉమ్మడి ఖాతా ఉన్నా సరే, నెల మొదట్లోనే మీ సొంత ఖాతాలోకి కొంత వచ్చేలా ఏర్పాటు చేసుకోండి. చెప్పుల జతకు కూడా నోరు తెరిచి అడగవలసి వస్తే, అడిగే మనిషికీ ఇచ్చే మనిషికీ కూడా చిరాకే. చలికాలం ముదరకముందే డ్రైవింగ్ నేర్చుకోండి. జనవరిలో పిల్లవాడితో నాలుగు గోడల మధ్య ఉండిపోతే మంచి మనసులు కూడా విరిగిపోతాయి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అక్కా, అన్నయ్యగారూ, ధన్యవాదాలు. తోట సంగతి ఎవరూ చెప్పలేదు. నాన్న దస్తావేజు రాయించే మనిషితో అప్పుడే మాట్లాడేశారు.

జవాబు: రాజోలు, డాలస్

అసలుది మరిచాను, మంచిదానివి గుర్తు చేశావు. ఆ దస్తావేజు ఆపించు. ఎంతకాలమో తెలియని మకాం కోసం దేశం దాటినవాళ్లు ఫెమా, అంటే మన విదేశీ మారక ద్రవ్య చట్టం, లెక్కలో విదేశ నివాసులే. అలాంటివాళ్లు వ్యవసాయ భూమిని, తోటను కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు. పసుపు కుంకుమ అని మనం ఎంత ముద్దుగా పిలుచుకున్నా, కాగితం మీద అది దానపత్రమే. నువ్వు విమానం ఎక్కకముందు రాసి ఉంటే గొడవే లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు కనుక, మీ నాన్నగారిని వీలునామా రాసి రిజిస్టర్ చేయించమను. లేదూ, తోట అమ్మి డబ్బుగా ఇస్తానంటే నీ ఎన్ఆర్ఓ ఖాతాలో, అంటే విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇండియా బ్యాంకులో ఉండే రూపాయల ఖాతాలో, వేయించుకో. ఏది చేసినా పాలకొల్లులోనో భీమవరంలోనో వకీలుకు ఒకసారి చూపించండి, దస్తావేజు రాసేవారికి ఫెమా సంగతి తెలియాలని లేదు. నీకు తమ్ముడెవరైనా ఉంటే వాడి ఎదుటే మాట్లాడుకోండి, తర్వాత తెలిస్తే మనసులు పాడవుతాయి.

పండగ రోజుల్లో రిజిస్ట్రారు ఆఫీసు తియ్యరు. టికెట్టు భోగికి వారం ముందుకు చూసుకో.