ఇంట్లో చేసుకున్న ఏరోపోనిక్ క్లోనర్: ఎండాకాలం కొమ్మలు ఎందుకు కుళ్లుతున్నాయి?

బెజవాడ మిద్దెతోట

అందరికీ నమస్కారం. కొమ్మలకి నీటి తుంపర కొట్టి వేళ్లు పుట్టించే డబ్బా ఒకటి ఇంట్లోనే చేసుకున్నాను. మూత ఉన్న నల్ల ప్లాస్టిక్ డబ్బాలో 15 లీటర్ల నీళ్లు, అందులో 18 వాట్ల కూలర్ పంపు, పంపు మీద అరంగుళం పీవీసీ పైపుతో చట్రం, చట్రానికి డ్రిప్పు షాపులో దొరికే మైక్రో స్ప్రింక్లర్లు. మూతకి రెండంగుళాల కన్నాలు, కన్నానికో ఫోమ్ బిళ్ల, బిళ్ల చీలికలో కొమ్మ. అంతే. మట్టి లేదు, కోకోపీట్ లేదు.

సంక్రాంతి రోజుల్లో పుదీనా, చామంతి, నందివర్ధనం, టమాటా పక్క పిలకలు ఏది పెడితే అది వేళ్లు వేసింది. ఏప్రిల్ వచ్చాక అదే డబ్బాలో అవే కొమ్మలు అడుగున గోధుమరంగుకి తిరుగుతున్నాయి. వేలితో పట్టుకుంటే పైతోలు జిగురుగా ఊడి వస్తోంది, మురుగు వాసన. ఆకులు మాత్రం నాలుగైదు రోజులు పచ్చగానే ఉండి ఆ తర్వాత ఒక్కసారి వాలిపోతున్నాయి. వేళ్లు పుట్టడానికి అద్దే హార్మోన్ పొడి మార్చినా అంతే. పంపు రాత్రీపగలూ నడుస్తుంది, డబ్బా మిద్దె మీద షేడ్ నెట్ కింద ఉంటుంది. ఇలా చేసుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

కడియం కుర్రాడు

అండీ, ముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం మూడింటికి డబ్బాలో నీళ్లలో థర్మామీటర్ పెట్టి ఎంతుందో ఇక్కడ రాయండి. హార్మోన్ సంగతి తర్వాత.

బెజవాడ మిద్దెతోట

చూశానండీ. 36 డిగ్రీలు. పొద్దున ఆరింటికి కూడా 30.

కడియం కుర్రాడు

అదేనండీ మీ జబ్బు. కొమ్మకి వేరు పుట్టాలంటే కోసిన చోట ఆక్సిజన్ కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టుకునే నీళ్లు 35 దగ్గర 7 కూడా పట్టుకోలేవు. ఒకపక్క అది తగ్గుతుంటే ఇంకోపక్క కొమ్మకి వేడికి ఊపిరి అవసరం పెరుగుతుంది. ఇదే అదనుగా పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు అందుకుంటాయి. మీరు చెప్పిన జిగురు, తోలు ఊడటం, వాసన, మూడూ దాని లక్షణాలే.

నీళ్లు 22 నుంచి 26 మధ్య ఉంటే హాయి. 28 దాటితే జాగ్రత్త పడాలి. 30 దాటాక ఏ పొడి రాసినా దండగ. మా వైపు నర్సరీల్లో కూడా కొమ్మలు నాటడం వానలు పడ్డాకే జోరందుకుంటుంది. వేసవిలో చేయాల్సి వస్తే షేడ్ నెట్టు కింద పాలీ టన్నెళ్లలో పెట్టి, పైన నీళ్లు చల్లుతూ కాపాడుకుంటారు.

కరెంటు మేస్త్రి

ఎండ ఒక్కటే కాదు సార్, మీ పంపే నీళ్లు కాస్తోంది. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి ఆ నీళ్లలోనే వేడిగా మిగులుతుంది. 18 వాట్లు, 15 లీటర్లు అంటే బయటికి వేడి పోకపోతే గంటకి ఒక డిగ్రీ పెరుగుతుంది. రాత్రంతా నడుపుతున్నారు కాబట్టే పొద్దునకి కూడా 30 దిగలేదు.

సైక్లిక్ టైమర్ పెట్టండి. ఒక నిమిషం ఆన్, ఐదు నిమిషాలు ఆఫ్. మూత బిగుతుగా ఉంటే ఆ ఐదు నిమిషాల్లో లోపల తేమ ఎక్కడికీ పోదు. వేడి ఆరో వంతుకి పడిపోతుంది. పళ్లు నొక్కే మామూలు టైమర్లలో పావుగంట కంటే చిన్న విడత ఉండదు. అదే ఉంటే పావుగంట ఆన్, పావుగంట ఆఫ్ పెట్టుకోవచ్చు, కానీ లాభం సగమే.

ఇంకో మాట, ఇది అందరికీ. నీళ్లలో 230 వోల్టుల పంపు పెట్టి అదే డబ్బాలో చేతులు పెడుతున్నారు. ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉండాలి. వైరు డబ్బాలోంచి నేరుగా పైనున్న ప్లగ్గుకి కాకుండా కిందికి వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట జారే నీటిబొట్టు వంపు దగ్గరే రాలిపోతుంది. మూత ఎత్తే ముందు ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపడం చాలదు. కూలర్లు ప్రతి వేసవిలో ఎన్ని ఇళ్లలో ప్రాణాలు తీస్తున్నాయో పేపర్లో చూస్తూనే ఉన్నాం. 12 వోల్టుల డీసీ పంపు పెట్టుకుంటే ఇంకా మంచిది, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది.

ఓరుగల్లు పద్మ

అన్నా, ముందుగాల ఆ డబ్బాను మిద్దె మీదికెళ్లి కిందికి దింపుండ్రి. వేర్లు రాని కొమ్మకు ఎండ అక్కర లేదు, ట్యూబులైటు వెలుగు చాలు. మా ఇంట్ల బాత్రూం పక్కన చీకటి మూలకు ఎల్‌ఈడీ బల్బు పెట్టి అక్కడ్నే నడిపిస్తున్న.

నేను ప్లాస్టిక్ డబ్బా ఇడిసిపెట్టి రంజన్‌ల చేసిన. తాగే నీళ్లకు పెట్టుకునే పెద్ద మట్టి రంజనే. దాని మూతికి సరిపోయే ప్లాస్టిక్ బేసిన్ తెచ్చి బోర్లించి దానికి కన్నాలు కొట్టిన. పంపు రంజన్ల ఉంటది, పైపు నిలువుగ ఒక్కటే, నెత్తిన ఒక్క స్ప్రింక్లర్ అన్ని దిక్కులకు కొడుతది. బయట 41 ఉన్న రోజు కూడా లోపట నీళ్లు 26, 27 దాటలే. చుట్టూ తడి గోనెసంచి చుడితే ఇంకింత సల్లగుంటది. కొత్త రంజన్ అయితే ఒక రాత్రి నీళ్లు పోసి పారబోసినంకనే వాడాలె.

నీళ్లు చెమర్చి పోతుంటయి కాబట్టి దినాం చూసి నింపుకోవాలె. పంపు మునగకుంట నడిస్తే కాలిపోతది.

బెజవాడ మిద్దెతోట

పద్మగారూ, రంజన్ ఆలోచన అద్భుతం. మా కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో కూడా అంత చల్లబడుతుందంటారా?

కడియం కుర్రాడు

అంత చల్లబడదండీ. మట్టికుండ చల్లదనమంతా ఆవిరి మీద ఆధారపడింది. వరంగల్ ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది, బెజవాడలో గాలికి అప్పటికే తడి ఎక్కువ. రెండు మూడు డిగ్రీలు దిగితే గొప్ప. మీరు లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి డబ్బాలో తేలేయండి. సీసా బయట శుభ్రంగా కడగాలి.

పద్మక్కా, ఒక చిన్న సంగతి. కుండలోంచి పోయేది నీరే, ఉప్పు కాదు. బోరు నీళ్లతోనే రోజూ నింపుతూ పోతే లోపల ఉప్పు చిక్కబడుతుంది. కుండ బయట తెల్లటి పూత కనిపిస్తే అదే. వారానికోసారి మొత్తం పారబోసి కొత్త నీళ్లు పోయండి.

ఓరుగల్లు పద్మ

నిజమే తమ్ముడూ, తెల్లగ అయితాంది. గందుకనే స్ప్రింక్లర్లు కూడా మూసుకపోతున్నయి కావచ్చు.

కరెంటు మేస్త్రి

నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రి నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వదిలిపోతుందమ్మా. పంపుకి పాత నైలాన్ సాక్సు తొడిగితే ఆకుముక్కలు లోపలికి పోవు. పైపు జాయింట్లకి సొల్యూషన్ పెట్టకండి ఎవరూ, ఊరికే బిగిస్తే చాలు. కడగాలంటే విప్పుకోవడానికి వీలుండాలి.

డాలస్ మల్లెతీగ

మాది మీకు పూర్తిగా తిరగబడిన కష్టం. ఇక్కడ జనవరిలో గరాజ్‌లో పెడితే నీళ్లు 12 డిగ్రీలకి పడిపోతాయి. కొమ్మలు కుళ్లవు, అలాగని వేళ్లూ రావు, ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయల్లా నెలల తరబడి అలాగే ఉంటాయి. అక్వేరియంలో చేపలకి పెట్టే చిన్న హీటర్ 24 దగ్గర పెట్టాక కదలిక వచ్చింది. మంచుకి ముందు మల్లె తీగని కత్తిరించి ఇంట్లోకి తెస్తాం కదా, ఆ కత్తిరింపుల్లోంచే ఏడాదికి సరిపడా మొక్కలు వస్తున్నాయి. ఇక్కడ మన వాళ్లలో మల్లె అంటు అడగని ఇల్లు లేదు.

కరివేపాకు కూడా అడుగుతారు, కానీ అది కొమ్మకి నాకు ఎప్పుడూ రాలేదు. వేరు నుంచి వచ్చే పిలకలే గతి. ఇంకో విషయం అమెరికాలో ఉన్నవాళ్లకి: కరివేప నిమ్మజాతి కుటుంబం మొక్క, నిమ్మ తోటల్ని నాశనం చేసే సిల్లా పురుగుకి ఆశ్రయం ఇస్తుంది. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల నుంచి బయటికి పంపడానికి క్వారంటీన్ ఆంక్షలున్నాయి. స్నేహితులకి పార్సిల్ చేసేయకండి.

కుళ్లుకి నేను లీటరు నీళ్లకి 3 మి.లీ. చొప్పున, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తాను. మూడు నాలుగు రోజులకోసారి. ఇక్కడ కొందరు ట్రైకోడెర్మా వేస్తున్నారు. రెండూ కలిపి వాడకండి, పెరాక్సైడ్ ఆ మంచి బూజుని కూడా చంపేస్తుంది.

గుంటూరు మిర్చి

అల్ట్రాసోనిక్ ఫాగర్ వేస్తే పొగలా సన్నగా వస్తుంది కదా, పంపు గొడవ ఉండదేమో? ఎవరైనా చేశారా?

వృక్షశాస్త్రం మాస్టారు

బాబూ, ఆ పొగ కంటికి బాగుంటుంది గానీ బిందువులు మరీ సన్నం, కాండాన్ని సరిగా తడపవు. పైగా ఫాగర్‌లో అదిరే బిళ్ల నీళ్లని బాగా వేడెక్కిస్తుంది. కొమ్మలకి కూలర్ పంపు కొట్టే మోటు తుంపరే సరిపోతుంది. సన్నటి తుంపర అవసరమయ్యేది మొక్క మొత్తాన్నీ గాలిలోనే పెంచేటప్పుడు. 1957లో ఎఫ్. డబ్ల్యూ. వెంట్ అనే శాస్త్రవేత్త కాఫీ, టమాటా మొక్కల్ని ఇలా వేళ్లు వేలాడదీసి పెంచి ఏరోపోనిక్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తెగుళ్లు లేని విత్తన దుంపల్ని ఇదే పద్ధతిలో తీయిస్తోంది. చిన్న చిన్న దుంపలు గాలిలో వేలాడుతుంటాయి, ఎదిగినవాటిని ఎదిగినట్టే కోసుకుంటారు.

మీ అందరికీ ఒక మనవి. మూత కన్నాలు ఖాళీగా వదలొద్దు, ఫోమ్ బిళ్లతో మూయండి. నిలవ నీళ్లు దొరికితే డెంగీ దోమ వారంలో తయారవుతుంది.

తెనాలి గులాబి

ఏ మొక్కలు దీనిలో బాగా వస్తాయి, ఏవి రావు? ఎవరైనా ఒకచోట చెబితే బాగుంటుంది. నాకు గులాబి మీదే ఆశ.

కడియం కుర్రాడు

అక్కా, నాకు తెలిసినంత చెబుతాను. పుదీనా, తులసి, కోలియస్, టమాటా పిలకలు వారం పది రోజుల్లో వచ్చేస్తాయి, వీటికి హార్మోన్ కూడా అక్కర్లేదు. చామంతి, నందివర్ధనం ఇంకొంచెం ఆలస్యం. మందారంలో నాటు రకాలు నెలలోపు వస్తాయి, పెద్ద పూల హైబ్రిడ్లు ఏడిపిస్తాయి. మల్లె, నూరు వరహాలు నెల పైనే పడతాయి, ఓపిక కావాలి. కాగితపు పూలకి ఈ డబ్బా కంటే ఇసుకే నయం, ఎక్కువ తడి దానికి పడదు. డ్రాగన్ ఫ్రూట్, మునగ దీనిలో పెట్టడం అనవసరం, మట్టిలో గుచ్చితే చాలు. మామిడికి అంటు కట్టడమే దారి.

గులాబికి కొమ్మ ఎంపికలోనే ఉంది అంతా. పువ్వు రాలిన కొమ్మ చూడండి, పెన్సిల్ అంత లావు, ముల్లుని పక్కకి వంచితే ఠక్కున ఊడాలి. ఊడకుండా వంగితే లేత, పెళ్లగించాల్సి వస్తే ముదురు. పొద్దున్నే కోయాలి, అయిదారు అంగుళాలు, కణుపుకి సరిగ్గా కింద. బ్లేడు స్పిరిట్‌తో తుడవాలి. పైన రెండు ఆకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించాలి. ఐబీఏ పొడి (అదే వేళ్ల హార్మోన్) లేత కొమ్మలకి 1000 పీపీఎం, గులాబి లాంటివాటికి 3000. అద్దాక గట్టిగా తట్టి, ఎక్కువైంది రాల్చేయాలి. పెట్టిన మొదటి రాత్రి పంపు ఆపి మూత మాత్రం వేసి ఉంచితే పొడి కడుక్కుపోదు. వేళ్లు కనిపించేదాకా ఎరువు ఏదీ వేయకండి. ఒట్టి నీళ్లే. పీహెచ్ 6 దగ్గర ఉంటే చాలు, బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే వాన నీళ్లో ఆర్‌ఓ నీళ్లో కలపండి.

బెజవాడ మిద్దెతోట

అందరికీ ధన్యవాదాలు. డబ్బాని కింద హాల్లోకి తెచ్చాను, టైమర్ పెట్టాను, ఆర్‌సీసీబీ బిగించాను, ఐస్ సీసాలు వేస్తున్నాను. నీళ్లు 26, 27 మధ్య ఆగుతున్నాయి. పాత కొమ్మలన్నీ పారేసి, డబ్బాని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెట్టి, కొత్తవి పెట్టాను. ఇవాళ చామంతి ఎత్తి చూస్తే కాండం చుట్టూ ఆవగింజలో సగమంత తెల్లటి బుడిపెలు వరసగా పొడుచుకొచ్చాయి. జిగురు లేదు, వాసన లేదు. అవి వేళ్లేనా, లేక బూజా?

వృక్షశాస్త్రం మాస్టారు

బూజైతే వేలితో రాస్తే పోతుంది. గట్టిగా, తోలు చీల్చుకుని వచ్చినట్టు ఉంటే వేళ్లు రాబోతున్నాయన్నమాట. ఒక్కోసారి అవి గాలి కోసం ఉబ్బిన రంధ్రాలు కావచ్చు, అదీ మంచికే. మూత మాటిమాటికీ ఎత్తకు నాయనా.

కడియం కుర్రాడు

వేళ్లు అంగుళం పొడవుకి రాగానే కుండీకి మార్చేయండి. తెల్లగా కుచ్చులా పెరుగుతున్నాయని ముచ్చటపడి ఉంచితే ఒకదానికొకటి చిక్కుకుని తీసేటప్పుడు తెగిపోతాయి. నీటి తుంపరలో పుట్టిన వేరు చాలా పెళుసు. బాగా కడిగిన కోకోపీట్ తడిపి, వదులుగా నింపి, వేలితో నొక్కకుండా పైనుంచి నీళ్లు పోసి సర్దుకోనివ్వాలి. వారం రోజులు నీడలో, పైన ప్లాస్టిక్ కవరు వదులుగా బోర్లించి, రోజుకి కాస్త కాస్త తెరుస్తూ గాలికి అలవాటు చేయండి.

తెనాలి గులాబి

ఫోమ్ బిళ్లలు ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో చాలా రేటు చెబుతున్నారు.

ఓరుగల్లు పద్మ

కొనకు చెల్లె. పిల్లలు ఆడుకునే పజిల్ చాపలు ఉంటయి సూడు, ఈవీఏ అనే మెత్తటి ఫోమ్‌వి. దాన్ని రెండంగుళాల కంటే కొంచెం పెద్ద హోల్ సా బిట్టుతోని కొడితే గుండ్రంగ బిళ్లలొస్తయి. అంచు నుంచి నడిమి దాక ఒక్క గాటు పెట్టు. పలుచగుంటే రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టు. వాడినంక బ్లీచింగ్ నీళ్లల్ల నానేసి కడిగి ఎండబెడితే మళ్ల పనికొస్తయి.