సంధా, సందా? ఒక ఒత్తు గొడవ

అమలాపురం అమ్మాయి: చెల్లికి పదో తరగతి బయాలజీ చెబుతూ ‘నాడీకణ సంధి’ దగ్గర ఆగాను, అదే ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురందే చోటు. ఎప్పుడో బట్టీపట్టిన సూత్రం పొద్దున్నుంచీ బుర్ర తింటోంది. ‘సంధి లేనిచోట... యడాగమంబగు’. మధ్యలో ఏముందండీ?

రాజోలు మాస్టారు: ‘స్వరంబుకంటెం బరంబయిన స్వరంబునకు’. ‘కంటెం’లో ద్రుతాన్ని, అదే ఆ చివరి సున్నాని, మింగేయకమ్మా, చిన్నయసూరి ఊరుకోడు. అయినా పుస్తకంలో మాటే తప్పు. కణాలు అతుక్కోవు, మధ్యన 20–40 నానోమీటర్ల ఖాళీ. అది సంధి కాదు, సందు. మా ఇంటి పక్కదానిలాంటిదే.

కాకినాడ కుర్రాడు: సంధికి వికృతే కదండీ సందు. ఈ చోటికి 1897లో బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ వాడిన ‘సైనాప్స్’కి గ్రీకులో అర్థం కలిసి పట్టుకోవడం. ఖాళీ కంటపడింది 1950ల్లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో. అనువాదానికి ఒత్తు ఉండాల్సిందే.

కొత్తపేట కోడలు: నా సిద్ధాంతం వినండి. మా+అమ్మ, సంధి లేదు, ‘య’ వచ్చి దూరింది, మాయమ్మ. ఇక్కడ కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ వచ్చి దూరుతుంది. దాని పేరు యడాగమం!

రాజోలు మాస్టారు: ‘మిత్రవదాగమః’, ఆగమం మిత్రుడిలా రావాలి. మిత్రుడు వచ్చాక ఉండిపోవాలి. దీన్ని ఎంజైము మిల్లీసెకన్లలో ముక్కలు చేస్తుంది. ఇదేం ఆగమం?

భీమవరం వాసి: కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కూడా కణాల మధ్య కబురు మోస్తుంది. 1929లో ఫిస్కేతో కలిసి దాన్ని కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది మా ఊరే.

రాజోలు మాస్టారు: ఎవరూ అడగలేదు నాయనా.

అమలాపురం అమ్మాయి: ఇంత సందు ఉంటే కణాలన్నీ ఒకే తాళంలో ఎలా పనిచేస్తాయని చెల్లి అడుగుతోంది.

కాకినాడ కుర్రాడు: కాలవ లాకు చూపించండి. తలుపులు మూసినంతసేపూ పడవలు పోగుపడేవి, తీయగానే అన్నీ ఒక్కసారి కదిలేవి. కబురుని ఆపే రసాయనం గాబా. అది వదిలే ఒక్క కణం వందల కణాల నోరు మూయిస్తుంది. ఆ పట్టు సడలగానే అన్నీ కలిసి అందుకుంటాయి. మెదడులో గామా అనే లయలో సెకనుకు 30 నుంచి 80 సార్లు ఇదే తంతు.

కొత్తపేట కోడలు: మన గ్రూపులోనూ ఎవరైనా కాస్త గాబా పోస్తే బాగుణ్ణు.

ద్రాక్షారామం వాసి: ఏమన్నా అనండి, శ్రీనాథుడైతే ‘సందు’ని పద్యంలోకి రానిచ్చేవాడు కాదు.

రాజోలు మాస్టారు: ఆయన పేర చెప్పే చాటువులు చదివావా అసలు? గోదావరి వరన్నం తిన్న నోటితో పల్నాటి జొన్నకూడును తిట్టినవాడు సందుకి జడుస్తాడా?

ద్రాక్షారామం వాసి: చాటువులు ఆయనవేనని ఎవరన్నారు?

అమలాపురం అమ్మాయి: చెల్లి నిద్రపోయింది. పరీక్షలో ‘సంధి’ అనే రాయమన్నాను.

రాజోలు మాస్టారు: పొద్దున్నే లేపి ఒత్తు తీయించు.